నెట్‌వర్క్ బఫర్లకి కెర్నెల్‌లో మెమరీ ఎలా ఇవ్వాలి: డ్రైవర్ రాసేవాళ్ల కోసం

బెంగళూరు మారతహళ్లిలో మేం మధ్యాహ్నం తినే ఆంధ్రా మెస్‌లో, మా టీమ్‌లో కొత్తగా చేరిన నరసరావుపేట కుర్రాడు పప్పన్నం కలుపుకుంటూ అడిగాడు, "అన్నా, ప్యాకెట్ వచ్చినప్పుడల్లా ఒక కేమాలోక్ కొట్టి, పనయ్యాక కేఫ్రీ చేసేస్తే సరిపోదా, దీనికి ఇంత డిజైన్ డాక్యుమెంట్ ఎందుకు" అని. కేమాలోక్ అంటే కెర్నెల్‌ని మెమరీ అడగడం, కేఫ్రీ అంటే దాన్ని తిరిగిచ్చెయ్యడం. అడగాల్సిన ప్రశ్నే అది, ఎందుకంటే అలా రాసిన డ్రైవర్ టేబుల్ మీదున్న బోర్డులో నెలల తరబడి నడుస్తుంది, కస్టమర్ దగ్గర పెట్టాక నాలుగో రోజు ఆగిపోతుంది. నేను అలా ఆగిపోయిన బోర్డు కోసం పీణ్య ఇండస్ట్రియల్ ఏరియా దాకా వారంలో మూడుసార్లు తిరిగాను, అందుకే వాడికి చెప్పిందంతా ఇక్కడ రాసి పెడుతున్నా, ఎక్కువగా లైనక్స్ లెక్కలోనే చెప్తా గానీ సొంతంగా చిన్న కెర్నెల్ రాసుకునేవాళ్లకి కూడా ఇదే పనికొస్తుంది.

ముందు మీ చేతిలో ఎంత టైమ్ ఉందో లెక్కేసుకోండి. ఈథర్‌నెట్‌లో అన్నిటికన్నా చిన్న ఫ్రేమ్ 64 బైట్లు, ముందుండే ప్రీయాంబుల్, ఫ్రేమ్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య గ్యాప్ కలుపుకుంటే వైరు మీద 84 బైట్లు, అంటే 10 గిగాబిట్ లింకులో సెకనుకి కోటీ 48 లక్షల 80 వేల ప్యాకెట్లు, ఒక్కోదానికి మీకున్నది 67.2 నానోసెకన్లు. ఒక్క క్యాష్ మిస్ అయి ర్యామ్ దాకా వెళ్లొస్తేనే దాదాపు ఆ టైమంతా పోతుంది, ఇక అందులో అలోకేషన్, డీఎంఏ మ్యాపింగ్ (కార్డు నేరుగా మెమరీలో రాసుకునేలా బఫర్‌ని సిద్ధం చెయ్యడం), ఫ్రీ చెయ్యడం అన్నీ పట్టాలంటే ఎక్కడ పడతాయి. 1500 ఎంటీయూ (ఒక ఫ్రేమ్‌లో పట్టే గరిష్ఠ డేటా) ఫుల్ ప్యాకెట్లయితే సెకనుకి 8 లక్షల 12 వేల చిల్లర, ఒక్కోదానికి 1230 నానోసెకన్లు, కాస్త ఊపిరాడుతుంది. మీ బోర్డులో 1 గిగాబిట్టే ఉందంటే టైమ్ పదింతలు ఎక్కువ దొరుకుతుంది కానీ అక్కడ ప్రాసెసర్ కూడా చిన్నదే కదా.

రెండోది, మెమరీ అడిగేది ఎక్కడ నిలబడి అన్నది. ప్యాకెట్ వచ్చేటప్పుడు మీ కోడ్ ఇంటరప్ట్‌లోనో దాని వెనకే నడిచే సాఫ్ట్‌ఐఆర్‌క్యూలోనో ఉంటుంది, అక్కడ నిద్రపోవడానికి లేదు, కాబట్టి జీఎఫ్‌పీ_అటామిక్ అనే ఫ్లాగ్‌తోనే అడగాలి. మన బెంగళూరులో అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది: జీఎఫ్‌పీ_కెర్నెల్ అంటే సంప్ ఖాళీ అయితే ట్యాంకర్‌కి ఫోన్ చేసి వచ్చేదాకా ఆగడం, జీఎఫ్‌పీ_అటామిక్ అంటే ఒంటికి సబ్బు రాసుకుని ట్యాప్ తిప్పడం, పైన ట్యాంకులో ఉంటే వస్తాయి, లేకపోతే లేదు. కెర్నెల్ కొంత రిజర్వ్ పక్కన పెడుతుంది, మిన్_ఫ్రీ_కేబైట్స్ అనే సెట్టింగ్ దాని కోసమే, అటామిక్ వాళ్లు అందులోంచి కొంచెం వాడుకోవచ్చు, కానీ అది కూడా అయిపోతుంది. అందుకని అటామిక్ అలోకేషన్ ఫెయిలవడం అనేది ఎప్పుడో జరిగే వింత కాదు, రోజూ జరిగే పనే అనుకుని కోడ్ రాయండి.

ఇప్పుడు సైజు. ఇక్కడ కాగితం తీసి కూడాల్సిందే, నేను ఇప్పటికీ కూడతాను. ఎంటీయూ 1500, ఈథర్‌నెట్ హెడర్ 14, వీల్యాన్ ట్యాగ్ 4, చివర చెక్ కోడ్ 4, మొత్తం 1522. దీని ముందు హెడ్‌రూమ్ అని 64 బైట్లు వదలాలి. లైనక్స్‌లో డేటా బఫర్ తోక దగ్గర ఎస్‌కేబీ_షేర్డ్_ఇన్ఫో (ఎస్‌కేబీ అంటే లైనక్స్‌లో ఒక ప్యాకెట్‌ని మోసేది) అనే స్ట్రక్చర్ కూర్చుంటుంది, 64-బిట్ మెషీన్ మీద దానికి 320 బైట్లు. కూడితే 1906. కేమాలోక్ దగ్గర ఉన్న డబ్బాల్లో దీనికి సరిపడేది 2048, అందులో హాయిగా పడుతుంది, వేస్ట్ 142 బైట్లే.

ఎవరో కెమెరా ట్రాఫిక్ స్పీడ్ రావాలని ఎంటీయూ 9000 చేశారనుకోండి. 9022, 64, 320 కలిపితే 9406. ఈ సైజుకి స్లాబ్‌లో (కేమాలోక్ తన ఫిక్స్‌డ్ సైజు డబ్బాలు ఉంచుకునే చోటు) డబ్బా లేదు, 8192 దాటితే కేమాలోక్ నేరుగా పేజీ అలోకేటర్ దగ్గరికెళ్తుంది, అది రెండు, నాలుగు, ఎనిమిది అలా పేజీలిస్తుంది తప్ప మూడు పేజీలివ్వదు, కాబట్టి మీకు 16384 బైట్లు, అంటే ఒకదాని పక్కన ఒకటి అతుక్కున్న నాలుగు పేజీలు కావాలి. దీన్నే ఆర్డర్-2 అంటారు. దాదాపు 7000 బైట్లు గాలికి పోయాయి, అది పెద్ద బాధ కాదు, బాధల్లా ఆ నాలుగు పేజీలూ పక్కపక్కన దొరకాలి, అదీ అటామిక్‌లో దొరకాలి. మెషీన్ నాలుగు రోజులు నడిచాక మెమరీ ముక్కలు ముక్కలైపోయి ఉంటుంది, ఫ్రీ ఎంతుందని చూస్తే బోలెడు కనిపిస్తుంది, పక్కపక్కన నాలుగు అడిగితే ఉండవు.

పీణ్యలో జరిగింది సరిగ్గా ఇదే. అక్కడ ఒక ఫ్యాక్టరీ షెడ్డులో మా గేట్‌వే బోర్డు పెట్టారు, ర్యామ్ 256 ఎంబీ, డ్రైవర్ మా టీమ్ సొంతంగా రాసింది, ఆర్‌ఎక్స్ రింగ్‌లో (వచ్చే ప్యాకెట్ల కోసం కార్డుకి బఫర్లు వరసగా పెట్టే చోటు) 256 స్లాట్లు. మూడు నాలుగు రోజులు బాగుంటుంది, ఉన్నట్టుండి నెట్‌వర్క్‌లోంచి మాయం. లింక్ లైట్ వెలుగుతూనే ఉంటుంది, సీరియల్ కేబుల్ పెట్టి చూస్తే బోర్డు బతికే ఉంది, పింగ్ కొడితే ఏఆర్‌పీ రిక్వెస్టులు (ఈ ఐపీ ఎవరిదని అడిగేవి) బయటికి వెళ్తున్నాయి, జవాబు మాత్రం లోపలికి రావట్లేదు. ఇంటర్‌ఫేస్ డౌన్ చేసి అప్ చేస్తే మళ్లీ మామూలే. డీమెసేజ్‌లో, అంటే కెర్నెల్ లాగ్‌లో, ఎప్పుడో వెనక "పేజ్ అలోకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 2" అని కొన్ని లైన్లు, అంతే. ఫ్రీ మెమరీ 60 ఎంబీ పైనే ఉంది కాబట్టి ఆ లైన్లని ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా మొదటిసారి పట్టించుకోలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ప్రాక్‌లో ఏ ఆర్డర్‌లో ఎన్ని ఖాళీగా ఉన్నాయో చెప్పే బడ్డీఇన్ఫో తీసి చూశాను, ఆర్డర్-0 కింద వేల పేజీలు, ఆర్డర్-1 కింద కొన్ని, అక్కణ్నుంచి కుడివైపు అన్నీ సున్నాలు.

కానీ మెమరీ దొరక్కపోతే కొన్ని ప్యాకెట్లు పోవాలి, తర్వాత దొరికినప్పుడు మళ్లీ నడవాలి, శాశ్వతంగా ఎందుకు ఆగిపోవాలి? డ్రైవర్‌లో రీఫిల్ చేసే చోట ఏం రాసి ఉందంటే, ప్యాకెట్ వచ్చిన బఫర్‌ని పైకి స్టాక్‌కి ఇచ్చేస్తుంది, తర్వాత ఆ స్లాట్ కోసం కొత్త బఫర్ అడుగుతుంది, దొరక్కపోతే స్లాట్ ఖాళీగా వదిలేసి ముందుకెళ్తుంది. ఖాళీ స్లాట్ ఒకటి, తర్వాత ఇంకొకటి, అలా అలా 256 ఖాళీ అయ్యాయి. రింగ్‌లో బఫర్ లేదు కాబట్టి హార్డ్‌వేర్ వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ పారేస్తుంది, ప్యాకెట్ రింగ్‌లోకి రాలేదు కాబట్టి ఆర్‌ఎక్స్ ఇంటరప్ట్ రాదు, ఇంటరప్ట్ రాలేదు కాబట్టి నాపీ పోల్ (రింగ్‌లోంచి ప్యాకెట్లు తీసే ఫంక్షన్) నడవదు, పోల్ నడిస్తే గానీ రీఫిల్ జరగదు. తర్వాత మెమరీ ఎంత ఖాళీ అయినా అడిగేవాడు లేడు.

కాబట్టి ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి, కొత్త బఫర్ చేతికొచ్చాకే పాత బఫర్‌ని పైకి పంపండి. స్లాట్ 37లో ప్యాకెట్ వచ్చిందనుకోండి. ముందు కొత్త బఫర్ అడగండి, దాన్ని డీఎంఏకి మ్యాప్ చెయ్యండి. రెండూ కుదిరాయా, పాతదాన్ని అన్‌మ్యాప్ చేసి స్టాక్‌కి ఇచ్చి, కొత్తదాన్ని 37లో పెట్టండి. రెండిట్లో ఏది ఫెయిలైనా ఆ ప్యాకెట్‌ని పారేసి, పాత బఫర్‌నే మళ్లీ 37లో పెట్టేసి, డ్రాప్ కౌంటర్ ఒకటి పెంచండి. ప్యాకెట్ పోతే టీసీపీ మళ్లీ పంపుతుంది, స్లాట్ పోతే మాత్రం ఎవరూ తెచ్చివ్వరు. మ్యాపింగ్ ఫెయిల్యూర్ చెక్ చాలామంది మర్చిపోతారు, డీఎంఏ_మ్యాపింగ్_ఎర్రర్ అని ఒక ఫంక్షన్ ఉన్నదే దానికి, తప్పకుండా పిలవండి.

ఈ పద్ధతి కుదరని డిజైన్లు ఉన్నాయి, ఒకేసారి గుత్తగా రీఫిల్ చేసేవి. అలాంటి చోట రెండో తాడు ఒకటి కట్టుకోవాలి: రింగ్ సగం కన్నా తక్కువైతే ఒక డిలేడ్ వర్క్ షెడ్యూల్ చేసి కొన్ని మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ ప్రయత్నించడం. లైనక్స్‌లో వర్చువల్ మెషీన్లు వాడే వర్చియో నెట్ డ్రైవర్ చాలాకాలం ఇలాంటిదే చేసింది, దాని రీఫిల్ వర్క్ ప్రాసెస్ కాంటెక్స్ట్‌లో నడిచేది కాబట్టి అక్కడ జీఎఫ్‌పీ_కెర్నెల్ తో అడిగి ట్యాంకర్ వచ్చేదాకా ఆగేది. ఆ కోడ్ ఒకసారి తెరిచి చదవండి, పెద్దదేం కాదు.

జంబో, అంటే ఎంటీయూ 9000 లాంటి పెద్ద ప్యాకెట్ల సంగతి: పెద్ద బఫర్‌ని ఒకే ముక్కగా అడగడం మానెయ్యండి. హార్డ్‌వేర్‌కి స్కాటర్-గ్యాదర్ (ఒక ప్యాకెట్‌ని వేర్వేరు చోట్ల ముక్కలుగా రాయడం) వస్తే 9000 ప్యాకెట్‌ని మూడు ఆర్డర్-0 పేజీల్లో దించుకుని, ఎస్‌కేబీకి ఫ్రాగ్‌లుగా, అంటే ముక్కలుగా తగిలించండి. మేం చేసింది అదే, ఆ రోజు తర్వాత ఆర్డర్-2 అనే మాట ఆ బోర్డు లాగ్‌లో మళ్లీ కనిపించలేదు. ఫ్రాగ్‌ల సంఖ్యకి పరిమితి ఉంటుంది, మామూలుగా 17, ఆ లెక్క దాటకుండా చూసుకోండి. ఇలాంటి లెక్కలు తప్పితే ఏమవుతుందో 2019లో శాక్ ప్యానిక్ అని పేరుపడ్డ బగ్ చూపించింది, అక్కడ పొంగింది ఫ్రాగ్‌ల లెక్క కాదు గానీ టీసీపీ సెగ్మెంట్ల లెక్క, శాక్ (ఏ ముక్కలు అందాయో చెప్పే టీసీపీ ఆప్షన్) తో ఎస్‌కేబీలని కలిపేలా చేసి దాన్ని పొంగిస్తే దూరం నుంచే కెర్నెల్‌ని పడగొట్టగలిగేవాళ్లు.

ఎస్‌కేబీ అనేది రెండు భాగాలని ఈపాటికి అర్థమై ఉంటుంది, వివరాలు రాసుకునే చిన్న స్ట్రక్చర్ వేరు, అసలు బైట్లుండే డేటా బఫర్ వేరు. చిన్న స్ట్రక్చర్ ఎప్పుడూ ఒకే సైజు కాబట్టి దానికి సొంత స్లాబ్ క్యాష్ ఉంటుంది, ఒకే సైజు వస్తువులకి వేరే క్యాష్ అనే ఈ ఆలోచన జెఫ్ బాన్‌విక్ 1994లో సన్ఓఎస్ 5.4 కోసం రాసిన స్లాబ్ అలోకేటర్ నుంచి వచ్చింది. బీఎస్‌డీ వాళ్ల దారి వేరు, అక్కడ ఎంబఫ్ అనే చిన్న డబ్బా, ఫ్రీబీఎస్‌డీలో 256 బైట్లు, చిన్న డేటా అయితే అందులోనే సర్దేస్తారు, పెద్దదైతే 2048 బైట్ల క్లస్టర్ తగిలిస్తారు, అవన్నీ గొలుసులా కడతారు. గొలుసు పద్ధతిలో మెమరీ పొదుపు బాగుంటుంది కానీ హెడర్ రెండు డబ్బాల మధ్య విరిగితే చదివే ముందు ఎం_పుల్అప్ చేసి ఒకచోటికి లాగాలి, కొత్తవాళ్లు అది మర్చిపోయి చెత్త చదువుతుంటారు. సొంత కెర్నెల్ రాసుకుంటుంటే నా సలహా, ఒక ప్యాకెట్ ఒక బఫర్‌లో పట్టే సైజు పెట్టుకోండి, గొలుసు జోలికి తర్వాత వెళ్లొచ్చు.

హెడ్‌రూమ్ ఎందుకంటే ప్యాకెట్ పైనుంచి కిందికి దిగేటప్పుడు ప్రతి లేయర్ తన హెడర్ ముందు అతికిస్తుంది, టీసీపీ, తర్వాత ఐపీ, తర్వాత ఈథర్‌నెట్. ముందు జాగా వదిలితే డేటా పాయింటర్‌ని వెనక్కి జరిపి రాసేస్తే చాలు, వదలకపోతే ప్రతిసారీ కొత్త బఫర్ తీసుకుని మొత్తం కాపీ చెయ్యాలి. టనెల్స్, వీల్యాన్ వాడేవాళ్లయితే ఇంకా ఎక్కువ వదలండి.

చిన్న బోర్డుల్లో, ముఖ్యంగా ఆర్‌టీఓఎస్ (రియల్ టైమ్ ఓఎస్) మీద, బూట్ టైమ్‌లోనే ఫిక్స్‌డ్ పూల్ తీసి పెట్టుకోవడం మించినది లేదు. ముక్కలయ్యే గొడవ లేదు, టైమ్ ఎప్పుడూ ఒకటే. ఎన్ని బఫర్లు అన్నదే ప్రశ్న, దానికి గాల్లో ఒక నంబర్ వెయ్యకండి. రింగ్‌లో 256 ఎప్పుడూ ఉండాలి, ఒక పోల్‌లో స్టాక్ మధ్యలో ఉండేవి 64, మిగతావి సాకెట్లలో యాప్ చదివేదాకా కూర్చునేవి. లైనక్స్‌లో సాకెట్ రిసీవ్ లిమిట్ డిఫాల్ట్‌గా 212992 బైట్లు, ఈ వింత నంబర్ ఎక్కణ్నుంచి వచ్చిందంటే 256 బైట్ల డేటాకి ఎస్‌కేబీ 256, షేర్డ్ ఇన్ఫో 320 కలిపి 832, అలాంటివి 256 ప్యాకెట్లు. ఆ లిమిట్‌నే పెట్టుకుంటే మన 2048 బఫర్ ఎస్‌కేబీతో కలిపి 2304, అంటే సాకెట్‌కి 92 ప్యాకెట్లు, నాలుగు సాకెట్లుంటే 368. మొత్తం 688, దాని మీద కొంచెం చేతికి వేసుకుని 768 అనుకోండి, 2048 చొప్పున ఒకటిన్నర ఎంబీ. చిన్న బోర్డుల టీసీపీ/ఐపీ స్టాక్ ఎల్‌డబ్ల్యూఐపీ వాడేవాళ్లు డిఫాల్ట్ పూల్ 16 అలాగే వదిలేస్తారు, డిఫాల్ట్ ఎంఎస్ఎస్ (ఒక టీసీపీ సెగ్మెంట్‌లో పట్టే డేటా) 536 ప్రకారం ఒక్కో బఫర్ చిన్నది కాబట్టి ఫుల్ ఫ్రేమ్‌కి మూడు పడతాయి, అంటే అయిదు ప్యాకెట్లకే పూల్ ఖాళీ, ఆ పైన ఇంటర్నెట్ స్లో అని కస్టమర్ ఫోన్.

ఇంకో విషయం, యాప్ చదవకుండా కూర్చుంటే బఫర్లు దాని దగ్గరే ఇరుక్కుంటాయి. రింగూ సాకెట్లూ ఒకే పూల్ నుంచి తీసుకుంటుంటే ఒక్క బద్ధకపు యాప్ మొత్తం నెట్‌వర్క్‌ని ఆపేస్తుంది. పూల్‌లో కొంత భాగం రింగ్‌కి మాత్రమే అని గీత గియ్యండి, గీత దగ్గరికొస్తే సాకెట్‌కి వెళ్లే ప్యాకెట్‌ని కాపీ చేసి ఇవ్వండి లేదా పారెయ్యండి.

పెద్ద మెషీన్లలో వేరే కథ. అక్కడ ఖర్చంతా పేజీ అడగడం, ఐఓఎంఎంయూ (డివైస్ వాడే అడ్రస్‌లని అసలు మెమరీ అడ్రస్‌లకి మార్చే హార్డ్‌వేర్) ఉంటే మ్యాప్ చెయ్యడం, మళ్లీ తియ్యడం. మెస్‌లో ఒక్కొక్కళ్లకి కొత్త అరిటాకు వెయ్యడం లాంటిది అది, స్టీలు కంచాలైతే కడిగి అదే కౌంటర్ మీద మళ్లీ పెట్టేస్తారు. లైనక్స్‌లో ఆ కంచాల పద్ధతి పేరు పేజ్ పూల్, 2018లో 4.18 కెర్నెల్‌తో వచ్చింది. ఆర్‌ఎక్స్ క్యూకి ఒక పూల్, అది ఆ క్యూ నాపీ కాంటెక్స్ట్‌లోనే నడుస్తుంది కాబట్టి వేగమైన దారిలో లాక్ అక్కర్లేదు, చేతికందేలా 128 పేజీలు పెట్టుకుంటుంది, వాడిన పేజీ మ్యాపింగ్ చెరక్కుండానే తిరిగి వస్తుంది. ఇక్కడ చూసుకోవాల్సింది ఒకటే, ఫ్రీ చేసేది ఏ సీపీయూ అని. ప్యాకెట్ తీసుకున్నది సీపీయూ 0, యాప్ చదివి వదిలింది సీపీయూ 5 అయితే పేజీ లాక్ ఉన్న దారిలో తిరిగి రావాలి, ఇంటరప్ట్‌నీ యాప్‌నీ దగ్గరి సీపీయూల మీద పెడితే తేడా పెర్ఫ్ టూల్‌లో కళ్లకి కనిపిస్తుంది. కొత్త డ్రైవర్ రాస్తుంటే సొంత రీసైక్లింగ్ రాసుకోకండి, పేజ్ పూల్ వాడండి.

చిన్న ప్యాకెట్లకి కాపీ చెయ్యడమే మేలు, జీరో కాపీ అని పట్టుబట్టకండి. 60 బైట్ల ఆక్ ప్యాకెట్ (డేటా అందిందని చెప్పే టీసీపీ జవాబు) కోసం 2048 బఫర్ పైకి పంపితే సాకెట్ ఖాతాలో మొత్తం 2048 రాసుకుంటారు, ట్రూసైజ్ అంటే అదే. 256 బైట్ల లోపైతే చిన్న ఎస్‌కేబీలోకి కాపీ చేసి పెద్ద బఫర్ వెంటనే రింగ్‌లో పెట్టెయ్యండి, ఈ1000ఈ డ్రైవర్‌లో కాపీబ్రేక్ డిఫాల్ట్ 256 దీనికే. ట్రూసైజ్‌లో అబద్ధం మాత్రం రాయకండి, తక్కువ రాస్తే లిమిట్లు పనిచెయ్యక మెమరీ అంతా తినేస్తుంది.

టీఎక్స్, అంటే పంపే వైపు తేలిక, అడిగేది ఎక్కువగా యూజర్ కాల్‌లో నిలబడి కాబట్టి ఆగొచ్చు, హార్డ్‌వేర్ పంపడం పూర్తయిందని చెప్పాకే ఫ్రీ చెయ్యాలి, అంతే. ఇంటర్‌ఫేస్ డౌన్ చేసేటప్పుడు వరస తప్పకండి: ముందు హార్డ్‌వేర్ డీఎంఏ ఆపండి, ఆగిందని రిజిస్టర్ చదివి ఖాయం చేసుకోండి, అప్పుడు అన్‌మ్యాప్, ఆ తర్వాత ఫ్రీ. ఆగకముందే ఫ్రీ చేస్తే ఆ మెమరీ ఇంకెవరి చేతికో వెళ్తుంది, కార్డు మాత్రం అందులో ప్యాకెట్లు రాస్తూనే ఉంటుంది, అలాంటి బగ్ పట్టుకోవాలంటే నెలలు పడుతుంది.

టెస్టింగ్‌కి వస్తే, అలోకేషన్ ఫెయిలయ్యే దారి టేబుల్ మీద దానంతట అది రాదు, మీరే తేవాలి. కెర్నెల్‌లో అలోకేషన్లని కావాలని ఫెయిల్ చేసేందుకు ఫెయిల్‌స్లాబ్, ఫెయిల్_పేజ్_అలోక్ అని రెండున్నాయి, డీబగ్ ఎఫ్ఎస్‌లో ప్రాబబిలిటీ పదనీ, టైమ్స్ మైనస్ ఒకటనీ పెడితే పది శాతం రిక్వెస్టులు ఆగకుండా ఫెయిల్ చేస్తూ పోతుంది. డిఫాల్ట్‌గా ఇవి నిద్రపోలేని రిక్వెస్టుల్నే ఫెయిల్ చేస్తాయి, మనకి కావాల్సింది అదే. ఫెయిల్_పేజ్_అలోక్‌లో మిన్-ఆర్డర్ డిఫాల్ట్ 1, మీరు ఆర్డర్-0 పేజీలు వాడుతుంటే దాన్ని 0 చెయ్యకపోతే మీ డ్రైవర్‌ని అసలు తాకదు, టెస్ట్ పాసైనట్టు కనిపిస్తుంది. దీంతోపాటు డ్రైవర్‌లో మూడు కౌంటర్లు పెట్టి ఈథ్‌టూల్‌లో కనిపించేలా చెయ్యండి: అలోకేషన్ ఫెయిలైనవి, మ్యాపింగ్ ఫెయిలైనవి, ఇప్పుడు రింగ్‌లో ఖాళీగా ఉన్న స్లాట్లు. లీక్ అనుమానముంటే స్లాబ్‌టాప్‌లో ఎస్‌కేబీ క్యాష్ వరస ట్రాఫిక్ ఆపాక కూడా తగ్గుతుందా లేదా చూడండి, తగ్గకపోతే కేమెమ్‌లీక్ ఆన్ చెయ్యండి.

మూడోసారి పీణ్య వెళ్లే ముందు మేం ఇదంతా చేశాం. శుక్రవారం సాయంత్రం బోర్డుకి పది శాతం ఫెయిల్యూర్ పెట్టి, ఎంటీయూ 9000లోనే రెండు వైపులా ట్రాఫిక్ కొడుతూ వదిలేసి ఇంటికెళ్లాం. సోమవారం పొద్దున కుర్రాడు నాకన్నా ముందొచ్చి స్క్రీన్ ముందు నిలబడ్డాడు, "అన్నా, అలోక్ ఫెయిల్ కౌంటర్ లక్షల్లో ఉంది, ఖాళీ స్లాట్లు సున్నా, పింగ్ ఇంకా నడుస్తోంది" అన్నాడు. ఆ బిల్డే పట్టుకుని పీణ్య బయల్దేరాం.